మందు, మత్తు, మగత: చోదకుని స్థితిపై చట్టభాష, వాడుకభాష – ఖాజాగూడ నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

మద్యం తాగి వాహనం నడపడం గురించి తెలుగునాట పత్రికల్లోనూ న్యాయస్థానాల్లోనూ విస్తారంగా చర్చ జరిగింది. ఔషధాలు, ఇతర మత్తుపదార్థాలు చోదకుని సామర్థ్యాన్ని ఎలా దెబ్బతీస్తాయన్న విషయానికి ఆ చర్చలో దక్కిన చోటు స్వల్పం. 1939 నాటి మోటారు వాహనాల చట్టం నుండి 2019 సవరణ వరకు 'డ్రగ్' అనే మాట చట్టంలో నిలిచే ఉన్నా, రహదారిపై తనిఖీ మాత్రం మద్యానికే పరిమితం కావడానికి గల కారణాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఖాజాగూడ పరిసరాలను, తెలంగాణలో కల్తీ కల్లు చరిత్రను ఆధారంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: మందు, మగత, ఆల్ప్రాజోలం, కల్తీ కల్లు, మోటారు వాహనాల చట్టం, ఖాజాగూడ, సైబరాబాద్.

1. ఉపోద్ఘాతం

ఖాజాగూడ పేరులోని 'ఖాజా' సూఫీ గురువులకు వాడే 'ఖ్వాజా'ను, 'గూడ' చిన్న ఊరిని స్ఫురింపజేస్తాయి. ఊరిని ఆనుకొని ఉన్న ఫక్రుద్దీన్ గుట్ట మీద బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉంది. అదే గుట్టల్లో అనంతపద్మనాభస్వామి ఆలయమూ ఉంది. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమయ్యే నాటికి ఇది బండరాళ్ల మధ్య ఒదిగిన గ్రామం. 2008 నవంబరులో గచ్చిబౌలి–శంషాబాద్ మధ్య బాహ్యవలయ రహదారి తొలిభాగం తెరుచుకున్న తర్వాత, నానక్‌రామ్‌గూడ, రాయదుర్గం, మణికొండ, టోలిచౌకి వైపుల నుండి వచ్చే వాహనాలకు ఖాజాగూడ కూడలిగా మారింది.

ఈ దారిలో రాత్రికీ పగటికీ తేడా తక్కువ. విదేశీ సమయాలకు అనుగుణంగా పనిచేసే కార్యాలయాల ఉద్యోగులు, వారిని తీసుకువెళ్లే క్యాబ్ చోదకులు, నిర్మాణస్థలాలకు కంకర, రెడీమిక్స్ తెచ్చే లారీలు, పాలమూరు నుండి వలస వచ్చిన కూలీలను ఎక్కించుకున్న ఆటోలు ఒకే కూడలిని దాటుతాయి. వారాంతపు రాత్రుల్లో ఇక్కడి రోడ్లపై పోలీసులు చోదకుల చేత గొట్టంలోకి ఊదించడం పరిచిత దృశ్యమే. ఆ గొట్టం ఏమి కొలుస్తుంది, ఏమి కొలవలేదు అన్నది సాంకేతిక ప్రశ్నగా కనిపించినా, దాని మూలాలు చట్టచరిత్రలోనూ వాడుకభాషలోనూ ఉన్నాయి.

2. 'మందు' అనే మాట

తెలుగులో 'మందు' విచిత్రమైన విస్తృతి గల పదం. వైద్యుడిచ్చేది మందు. తుపాకిలో కూరేది మందు. పొలంలో చల్లేది పురుగులమందు. వశీకరణకు పెట్టేది మందు. గత కొన్ని దశాబ్దాల వాడుకలో మద్యమూ మందే. పత్రికలు తాగి బండి నడిపేవారికి 'మందుబాబులు' అని పేరు పెట్టాయి. పోలీసు ప్రకటనల్లోని 'డ్రంక్ అండ్ డ్రైవ్' ఆ పేరుతో పాటు శీర్షికలకెక్కింది. ఈ పేరులో ఒక పరిహాసధ్వని ఉంది. మందుబాబు అనగానే తూలుతూ, పోలీసులతో వాదిస్తూ, కెమెరా ముందు నవ్వు పుట్టించే మనిషి మనసులో మెదులుతాడు.

మత్తును సూచించే పదజాలాన్ని గమనిస్తే ఇంకొక విషయం తేలుతుంది. మత్తు, మైకం, కైపు, నిషా ఒక వర్గం. మగత, కునుకు, జోగు, తూగు మరొక వర్గం. మొదటి వర్గంలోని మాటలకు నైతికమైన తప్పు అంటుకొని ఉంటుంది. రెండవ వర్గానికి ఆ తప్పు లేదు. జలుబు బిళ్ల వేసుకొని మగతగా ఉన్నవానిని ఎవరూ నిందించరు, పైగా జాలిపడతారు. అయితే వాహనం అదుపు తప్పడానికి మైకం ఎంత కారణమో మగత అంతే కారణం. ఆయుర్వేదం ఈ విషయాన్ని కొంత భిన్నంగా చూసింది. బుద్ధిని లోపింపజేసే ద్రవ్యాలన్నింటినీ శార్ఙ్గధరసంహిత 'మదకారి' అనే ఒకే సంజ్ఞ కింద చేర్చింది. అది ద్రవ్యం చేసే పనిని బట్టి చేసిన వర్గీకరణ. సేవించినవాని ఉద్దేశంతో దానికి నిమిత్తం లేదు.

'మందుబాబు' అన్న పత్రికాపదం, చట్టంలోని 'డ్రింక్ ఆర్ డ్రగ్' అనే పదబంధంలో మొదటి సగాన్నే తెలుగులోకి తెచ్చిందనవచ్చు. రెండవ సగానికి తెలుగులో స్థిరమైన పేరే ఏర్పడలేదు. 'మత్తుపదార్థం' అనగానే గంజాయి, కొకైన్ గుర్తుకు వస్తాయే కాని దిండు పక్కన ఉండే నిద్రబిళ్ల గుర్తుకు రాదు.

3. చట్టభాష పరిణామం

బ్రిటన్‌లో 1872 నాటి లైసెన్సింగ్ చట్టం గుర్రపుబండిని, పశువులను, ఆవిరియంత్రాన్ని తాగి నడపడాన్ని నేరంగా పరిగణించింది. 1897 సెప్టెంబరులో లండన్‌లో జార్జ్ స్మిత్ అనే టాక్సీ చోదకుడు మోటారువాహనాన్ని తాగి నడిపినందుకు జరిమానా కట్టాడు. 1925 నాటి చట్టం వరకు ప్రమాణం 'తాగి ఉండడం' ఒక్కటే. 1930 నాటి రోడ్డు రవాణా చట్టం దీనిని మార్చింది. మద్యం గాని, 'డ్రగ్' గాని ప్రభావం చూపి, వాహనాన్ని సరిగా అదుపు చేయలేని స్థితికి చోదకుణ్ణి తెచ్చినప్పుడు నేరం అవుతుందని అది చెప్పింది. భారతదేశంలో 1939 మోటారు వాహనాల చట్టం 117వ సెక్షను దాదాపు ఇదే పదబంధాన్ని స్వీకరించింది. హైదరాబాద్ సంస్థానం విలీనమైన తర్వాత ఇక్కడా ఆ చట్టమే వచ్చింది. అంతకు ముందే, 1932లో, నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలై, జీతానికి వాహనం నడిపే ఒక వృత్తివర్గాన్ని ఈ ప్రాంతంలో ఏర్పరచింది.

1939 నాటి నిర్వచనంలో ఒక సుగుణం ఉంది. అది ఏ పదార్థం, ఎంత పరిమాణం అని అడగదు. మనిషి వాహనాన్ని అదుపు చేయగలిగాడా లేదా అని అడుగుతుంది. ఇబ్బంది అంతా నిరూపణలోనే. అప్పట్లో వైద్యుని పరీక్షే ఆధారం: నోటివాసన, నడక, మాట, కంటిపాప. 1971లో బచూభాయి హసనల్లి కర్యాని కేసులో సుప్రీంకోర్టు ఈ లక్షణాలను పరిశీలించి, రక్తం, మూత్రం పరీక్షించకుండా వీటి ఆధారంగానే మద్యం సేవించాడని నిర్ధారించలేమని భావించింది. ఆ తీర్పు ముద్దాయికి మేలు చేసింది. దాని తర్కం మాత్రం ప్రయోగశాల సంఖ్యకు, కొలతకు దారి చూపింది.

1989 జూలై 1న అమలులోకి వచ్చిన 1988 చట్టం 185వ సెక్షనులో మద్యానికి, ఇతర మత్తులకు దారులు వేరయ్యాయి. (ఎ) భాగం రక్తంలో ఎంత స్వల్పమైనా మద్యం ఉంటే నేరమన్నది. 1994 సవరణ దీనిని 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించితే అని, అదీ శ్వాసపరీక్షలో తేలితే అని మార్చింది. (బి) భాగం మాత్రం 'డ్రగ్' విషయంలో పాత మాటలనే నిలుపుకొంది: వాహనాన్ని సరిగా అదుపు చేయలేనంతగా ప్రభావం ఉండాలి. అంటే మద్యానికి సంఖ్య దొరికింది, మందుకు వర్ణన మిగిలింది. ఒక పోలీసు అధికారికి ఒకే రాత్రి వంద వాహనాలను ఆపవలసి వచ్చినప్పుడు ఏ భాగం వాడుకలోకి వస్తుందో ఊహించడం కష్టం కాదు. చట్టంలో రెండు భాగాలకూ శిక్ష ఒకటే అయినా, ఆచరణలో 185వ సెక్షనుకు శ్వాసపరీక్షే పర్యాయపదంగా స్థిరపడింది.

2019 సవరణ రెండు మార్పులు చేసింది. శ్వాసపరీక్షకు తోడు ప్రయోగశాల పరీక్షతో సహా ఇతర పరీక్షలను అనుమతించింది. 'డ్రగ్' నిర్వచనంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని మాదకద్రవ్యాలను, మనోవర్తక పదార్థాలను స్పష్టంగా చేర్చింది. మొదటి నేరానికి జరిమానా 2,000 రూపాయల నుండి 10,000 రూపాయలకు పెరిగింది. జరిమానా పెంపు గురించి పత్రికలు చాలా రాశాయి. నిర్వచనంలో వచ్చిన మార్పు గురించి రాసినవి అరుదు. ఎన్‌డీపీఎస్ జాబితాలో గంజాయి, హెరాయిన్ పక్కనే ఆల్ప్రాజోలం, డయాజెపామ్ వంటి బిళ్లలు ఉన్నాయి. వైద్యుని చీటీపై వాటిని వేసుకొని బండి నడిపే వ్యక్తి కూడా అదుపు కోల్పోతే 185(బి) పరిధిలోకి వస్తాడు. వైద్యుడు రాసిచ్చాడన్న సమాధానానికి ఈ సెక్షనులో ప్రత్యేకమైన చోటు లేదు. ఇదే విషయంలో 2015 మార్చి 2 నుండి అమలైన బ్రిటిష్ నిబంధన భిన్నంగా నడిచింది. అది కొన్ని మందులకు రక్తంలో పరిమితులు విధిస్తూనే, వైద్యుని సూచన ప్రకారం వాడి, వాహనాన్ని సక్రమంగా నడిపినవారికి రక్షణ కల్పించింది. నార్వే 2012లోనే మద్యేతర పదార్థాలకు అంకెల్లో పరిమితులు ప్రకటించింది.

4. ఊపిరిలోకి రాని మత్తు

శ్వాసపరీక్ష సూత్రం సరళమైనది. మద్యం ఆవిరయ్యే ద్రవం. రక్తం నుండి అది ఊపిరితిత్తుల గాలిలోకి ఒక నియతమైన నిష్పత్తిలో చేరుతుంది. సాధారణంగా ఈ నిష్పత్తిని 2,100:1గా తీసుకుంటారు. 1954లో అమెరికాలో రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ రూపొందించిన పరికరం నుండి నేటి చేతిపరికరాల వరకు మూలసూత్రం ఇదే. నిద్రబిళ్లలు, అలర్జీ మందులు, నొప్పిమాత్రలు ఇలా ఆవిరి కావు. అందువల్ల వాటి ప్రభావంలో ఉన్న చోదకుడు గొట్టంలో ఊదితే పరికరం సున్నా చూపుతుంది. పరికరం అబద్ధం చెప్పడం లేదు, దానిని అడిగిన ప్రశ్న అంతే.

ఈ లోటు పూడ్చడానికి తెలంగాణ యాంటీ నార్కోటిక్స్ బ్యూరో, పోలీసులు ఇటీవలి సంవత్సరాల్లో లాలాజల పరీక్ష కిట్లను వాడారు. పబ్బుల వద్ద, వేడుకల రాత్రుల్లో వీటి ప్రయోగం వార్తలకెక్కింది. ఇక్కడ మరొక చిక్కు వస్తుంది. లాలాజలంలో ఒక పదార్థం జాడ ఉన్నదంటే దానిని సేవించినట్లు తెలుస్తుంది. ఎన్‌డీపీఎస్ చట్టం 27వ సెక్షను కింద సేవనమే నేరం కనుక కేసుకు ఆధారం దొరుకుతుంది. వాహనాన్ని అదుపు చేయలేని స్థితి ఉన్నదా అన్న ప్రశ్నకు మాత్రం ఆ కిట్టు సమాధానం చెప్పదు. గంజాయి జాడ మూత్రంలో, నిత్యసేవకుల విషయంలో, వారాల తరబడి కనిపిస్తుంది. చోదనపై దాని ప్రభావం గంటల్లో తగ్గుతుంది.

మరి అదుపును కొలిచే మార్గమే లేదా? 1980ల నుండి నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక పద్ధతిని అనుసరిస్తున్నారు. మందు వేసుకున్న వ్యక్తి చేత, పక్కన శిక్షకుణ్ణి కూర్చోబెట్టి, నిజమైన రహదారిపై సుమారు 100 కిలోమీటర్లు కారు నడిపిస్తారు. తన వరుసలో కారు ఎంతగా అటూ ఇటూ ఊగుతుందో కెమెరా సెంటీమీటర్లలో నమోదు చేస్తుంది. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నప్పుడు ఆ ఊగిసలాట సుమారు 2.4 సెంటీమీటర్లు పెరుగుతుందని తేలింది. అప్పటి నుండి నిద్రబిళ్లలను, అలర్జీ మందులను ఆ కొలబద్దతో పోల్చి చూస్తున్నారు. 2.4 సెంటీమీటర్లంటే వేలి వెడల్పు కంటే కొంచెం ఎక్కువ. ఖాజాగూడ కూడలిలో లారీకి, మోటారుసైకిలుకు మధ్య మిగిలే ఖాళీని చూసినవారికి ఈ అంకె చిన్నదిగా తోచదు.

5. కల్లులోకి చేరిన బిళ్ల

తెలంగాణలో ఔషధానికీ మద్యానికీ మధ్య గీత చెరిగిపోయిన చోటు ఒకటుంది. అది కల్తీ కల్లు. తాటి, ఈత చెట్ల దిగుబడి కంటే కల్లుకు గిరాకీ ఎక్కువైన చోట్ల, నీటిలో చక్కెర, తీపినిచ్చే రసాయనాలు కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రాజోలం చేర్చే వ్యాపారం పెరిగింది. ఈ మూడింటి క్రమంలో ఔషధచరిత్రే సంక్షిప్తంగా ఉంది. క్లోరల్ హైడ్రేట్‌ను 1869లో జర్మనీలో నిద్రమందుగా ప్రవేశపెట్టారు. డయాజెపామ్ 1963లో, ఆల్ప్రాజోలం 1980ల ఆరంభంలో అమెరికా విపణిలోకి వచ్చాయి. ఇవన్నీ గీతకార్మికుని మోకుతో, ముస్తాదుతో సంబంధం లేని పదార్థాలు. కల్తీ నిందను గీతవృత్తి మొత్తానికి అంటగట్టడం చరిత్రకు అన్యాయం. చెట్టెక్కినవాడు దించిన కల్లులో పులియడం వల్ల వచ్చే స్వల్ప మద్యం తప్ప మరొకటి ఉండదు.

ఆల్ప్రాజోలం ఎంచుకోవడం వెనుక ఒక లెక్క ఉంది. వైద్యంలో దాని మోతాదు 0.25 లేక 0.5 మిల్లీగ్రాములు. ఒక కిలో పొడి అంటే 0.5 మిల్లీగ్రాముల బిళ్లలు 20 లక్షలతో సమానం. ఎన్‌డీపీఎస్ చట్టం ఆల్ప్రాజోలానికి 100 గ్రాములనే వాణిజ్య పరిమాణంగా నిర్ణయించడానికి ఈ తీవ్రతే కారణమని ఊహించవచ్చు. బాలానగర్‌లో ఐడీపీఎల్ కర్మాగారం 1960లలో నాటిన రసాయన నైపుణ్యం హైదరాబాద్‌ను దేశంలో బల్క్ డ్రగ్స్‌కు కేంద్రంగా చేసింది. ఆ నైపుణ్యపు నీడలోనే, నగర శివార్లలో దొంగచాటు ఆల్ప్రాజోలం తయారీ కూడా పట్టుబడుతూ వచ్చింది.

2004లో హైదరాబాద్ నగరంలో కల్లు దుకాణాలు మూతపడ్డాయి. 2014 అక్టోబరులో కొత్త రాష్ట్రప్రభుత్వం వాటిని తిరిగి తెరిచింది. 2015 సెప్టెంబరులో కల్తీపై దాడులు ముమ్మరమై సరఫరా ఒక్కసారిగా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో వందల మంది మూర్ఛ, వణుకు, మతిభ్రమణంతో ఆసుపత్రులకు వచ్చారు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికీ రోగులు చేరారు. కల్లు మానినవానికి మామూలుగా ఇంత ఉపద్రవం రాదు. వచ్చిందంటే వారు సంవత్సరాలుగా తాగినది కల్లు పేరుతో ఉన్న నిద్రమందు. తామొక ఔషధానికి అలవాటు పడ్డామన్న సంగతి ఆ రోగుల్లో చాలామందికి అప్పుడే తెలిసింది. 2025 జూలైలో కూకట్‌పల్లి పరిసరాల్లో కల్లు తాగినవారు పలువురు ఆసుపత్రుల పాలై, మరణాలు సంభవించినప్పుడు మళ్లీ ఆల్ప్రాజోలం పేరే వినిపించింది. కూకట్‌పల్లి, ఖాజాగూడ మధ్య దూరం ఒక ఆటో ప్రయాణం.

రహదారి భద్రత దృష్టితో ఈ చరిత్రను చదివినవారు తక్కువ. ఇది ఆబ్కారీ సమస్యగా, ఆరోగ్యసమస్యగా, కొన్నిసార్లు రాజకీయ సమస్యగా చర్చకు వచ్చింది. సాయంత్రం రెండు సీసాల కల్లు తాగి ఆటో తీసిన వ్యక్తి రక్తంలో మద్యం 30 మిల్లీగ్రాముల లోపే ఉండవచ్చు. పరికరం అతనిని పంపించివేస్తుంది. అతని శరీరంలోని ఆల్ప్రాజోలం సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు పడుతుంది. పైగా మద్యమూ ఈ వర్గపు మందులూ ఒకదాని ప్రభావాన్ని మరొకటి పెంచుతాయి. 185(ఎ) అతనిని నిర్దోషిగా చూస్తుంది. 185(బి) కింద అతనిని పరీక్షకు పంపాలని ఆ రాత్రి ఎవరికీ తోచదు. తాను మందు వేసుకున్నానని అతనికే తెలియదు కనుక, తన వైకల్యం తెలిసి వాహనం నడిపినవారిని శిక్షించే 186వ సెక్షను కూడా అతనికి వర్తించదు. అతనిని నమ్మి వెనుక సీటులో కూర్చున్న ప్రయాణికురాలికి ఈ సెక్షన్ల మధ్య తేడా ఉపకరించదు.

6. చీటీపై రాసిన మగత

సైబరాబాద్ కార్యాలయాల్లో రాత్రిపాళీ పనిచేసేవారి సమస్య దీనికి భిన్నమైనది. వారు వేసుకున్నదేమిటో వారికి తెలుసు. తెలియనిది అది ఎంతసేపు ఉంటుందన్నదే. జోల్పిడెమ్ అనే నిద్రమందు త్వరగా పనిచేసి త్వరగా తగ్గుతుందన్న ఖ్యాతితో వచ్చింది. 2013 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మందు మోతాదును స్త్రీలకు 10 నుండి 5 మిల్లీగ్రాములకు తగ్గించమన్నది. మరునాటి ఉదయం వాహనం నడిపే వేళకు కూడా రక్తంలో ఆ మందు మిగిలి ఉండడమే కారణం. డయాజెపామ్ విడగొట్టబడినా దాని నుండి పుట్టే పదార్థం రోజుల తరబడి పనిచేస్తుంది. 2011లో వెలువడిన ఒక సమగ్ర సమీక్ష, ఈ వర్గపు మందులు వాడేవారిలో రహదారి ప్రమాదాల ముప్పు 60 నుండి 80 శాతం అధికమని లెక్కగట్టింది.

జలుబు, అలర్జీ మందుల విషయం మరింత ఆలోచింపజేసేది. 2000 సంవత్సరంలో అమెరికాలోని అయోవా పరిశోధకులు అలర్జీ ఉన్న 40 మందిని చోదన అనుకరణ యంత్రంపై పరీక్షించారు. ముందున్న కారు వేగాన్ని అనుసరించడంలో డైఫెన్‌హైడ్రమిన్ వేసుకున్నవారు, మద్యం తాగినవారి కంటే ఎక్కువ తడబడ్డారు. మగత తక్కువగా కలిగించే ఫెక్సోఫెనడిన్ వేసుకున్నవారిలో ఆ తడబాటు లేదు. తమకు ఎంత మగతగా ఉందో చెప్పిన మాటకూ వారి చోదనలోని లోపానికీ పొంతన కుదరలేదన్నది అంతకంటే ముఖ్యమైన ఫలితం. 'నాకేం కాదు, బాగానే ఉన్నాను' అనే మాటకు ప్రమాణం లేదన్నమాట. మద్యపాయికి తాను తాగినట్లు కనీసం తెలుసు.

7. సీసాపై మాట, షాపులో మాట

1945 ఔషధ నిబంధనల్లో 'జి' షెడ్యూలు కింద అలర్జీ మందులున్నాయి. వైద్యుని పర్యవేక్షణ లేకుండా వాడడం ప్రమాదకరమన్న హెచ్చరిక వాటిపై ఉండాలి. ఆ వాక్యంలో వాహనం ప్రసక్తి లేదు. 2014 మార్చి నుండి అమలైన 'హెచ్1' షెడ్యూలు ఆల్ప్రాజోలం, డయాజెపామ్, జోల్పిడెమ్, ట్రమడాల్ అమ్మకాలను ప్రత్యేక పుస్తకంలో నమోదు చేయమన్నది. అక్కడా శ్రద్ధ వ్యసనం మీద, దుర్వినియోగం మీదే. ఫ్రాన్స్ 2005 నుండి మందుపెట్టెలపై మూడు స్థాయిల కారు బొమ్మను ముద్రిస్తోంది: జాగ్రత్త, ఎక్కువ జాగ్రత్త, నడపవద్దు. చదువు రానివానికీ ఆ బొమ్మ అర్థమవుతుంది. మన మందుపట్టీపై సన్నని అక్షరాల్లో ఆంగ్లం ఉంటుంది, అక్కడక్కడ హిందీ. తెలుగు దాదాపు కనిపించదు.

చోదకుని అనుమతిపత్రం కోసం దరఖాస్తు చేసేవారు నింపే ఫారం 1 కూడా ఈ సందర్భంలో చూడదగినది. మూర్ఛ ఉందా, చూపు సరిగా ఉందా, ఎరుపు పచ్చ రంగులు తెలుస్తాయా, రేచీకటి ఉందా, వినికిడి ఉందా అని అది అడుగుతుంది. ఏ మందులు వాడుతున్నారని అడగదు. మూర్ఛ ఉన్నదా అని అడిగి, మూర్ఛకు వాడే మందుల మగతను అడగకపోవడం గమనించదగిన విషయం. 19వ సెక్షను మత్తుమందులకు బానిసైనవాని అనుమతిపత్రాన్ని రద్దు చేయవచ్చంటుంది. వైద్యుని మాట విని క్రమం తప్పక బిళ్ల వేసుకునే సామాన్యుని ఊసు అందులోనూ లేదు.

కాబట్టి ఈ విషయంలో ఖాజాగూడ చోదకునికి అందే ఏకైక తెలుగు వాక్యం మందుల షాపు కౌంటరు మీద పలికినదే. కవరు మీద పెన్నుతో గీతలు గీస్తూ షాపతను 'ఇది పడుకునే ముందు వేసుకోండి' అంటాడు. రాత్రంతా ఉద్యోగులను దింపి వచ్చిన క్యాబ్ చోదకునికి పడుకునే వేళ ఉదయం 7 గంటలు. అతని తొలి పికప్ మధ్యాహ్నం 2 గంటలకు.